ఒంటి నడకకు ఒక గూడు



మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పోయిన కార్తీకంలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మామా, డిసెంబరులో మూడు రోజులు సెలవు దొరికింది. గండికోట నుంచి బెలుం గుహల దాకా నడిచిపోదామనుకుంటున్నా, ఒక్కడినే. రాత్రి పడుకోడానికి ఏ గుడారం కొనమంటావు?" అన్నాడు. వాడు అప్పటికే ఐదారు చూసి పెట్టుకున్నాడు. ఒకటి కిలోలోపు బరువు, ముప్పై వేల ధర. ఇంకొకటి మూడు కిలోలు, మూడు వేలు. నడుమ ఇంకా ఏవేవో. "ముందు నీళ్లు ఎన్ని మోస్తావో చెప్పు, గుడారం సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. అడిగిందొకటి, చెప్పిందొకటి అనుకున్నాడో ఏమో, కాసేపు మాట్లాడలేదు. ఆ జవాబునే ఈ పూట మీకు కాస్త విప్పి చెబుతాను.

కొండల్లో నడిచే అలవాటున్నవాళ్లు సంచి బరువు తగ్గించుకోమని చెబుతారు. హిమాలయాల్లోనైతే అది మోకాళ్ల కోసం, ఊపిరి కోసం. అక్కడ దారి పొడుగునా సెలయేళ్లు. చేతిలో ఒక సీసా ఉంటే చాలు. మన సీమలో లెక్క వేరు. ఎర్రమల గుట్టల పక్కన పడి నడిస్తే డిసెంబరులో కూడా మధ్యాహ్నం ఎండ ముప్పై డిగ్రీల చుట్టూ ఉంటుంది. పొద్దంతా నడిచే మనిషికి తాగడానికే 4 లీటర్లు కావాలి. సాయంత్రం అన్నానికి, పొద్దున కాఫీకి, ముఖం కడుక్కోవడానికి ఇంకో లీటరున్నర. లీటరంటే కిలో. ఊరు తగిలినప్పుడు నింపుకోవచ్చు, మన పల్లెల్లో నీళ్లు లేవనేవాళ్లు ఉండరు. కానీ పొద్దు గూకేవేళకు ఊరు తగలని రోజు ఒకటుంటుంది. ఆ రోజుకు ఐదున్నర కిలోల నీళ్లు వీపు మీద ఉండాల్సిందే. అరవై ఐదు కిలోల మనిషి తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదనుకుంటే పదమూడు కిలోలు. అందులో నీళ్లు పోను మిగిలింది ఏడున్నర. బట్టలు, దుప్పటి, బియ్యం, పొయ్యి, మందులు, సంచి సొంత బరువు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. మూడు కిలోల గుడారం బదులు కిలో గుడారంతో పోతే మిగిలే రెండు కిలోలు రెండు లీటర్ల నీళ్లు. అంటే ఒక పూట.

అందుకని తేలికైనది కొనమన్నాను. కానీ తేలికైనవన్నీ మన నేలకు పనికిరావు. ఈ సంగతి నాకు గండికోటలోనే తెలిసివచ్చింది.

పదేళ్ల కిందటి మాట. నా మొదటి గుడారాన్ని ఒక దుకాణంలో కొన్నాను. పెట్టె మీద మంచు కొండల బొమ్మ ఉంది. దాన్ని చూసే కొన్నానని ఒప్పుకుంటాను. గండికోట పోయిన సాయంత్రం పెన్నా లోయకు దగ్గర్లో, చదునుగా ఉన్న ఎర్ర బండ మీద పరిచి, మేకులు దిగగొట్టబోయాను. దిగితే కదా. ఒకటి వంగింది, ఒకటి ఎగిరి ఎటో పోయింది. 1123లో అక్కడ కోట కట్టాలని తలచినవాళ్ల తెలివి అప్పుడు అర్థమైంది. మేకే దిగని చోట శత్రువు ఏం దిగుతాడు! సరే, మేకులు లేకున్నా కమ్మీల బలంతో నిలబడే రకమే కదా అని లోపల దూరి పడుకున్నాను. నడిరేయి దాటాక లోయలోంచి గాలి లేచింది. ఒంటికని అవతలకు పోయి వెనక్కి తిరిగేసరికి గుడారం గాలిపటమై దొర్లుతోంది. వెంటపడి పట్టుకున్నాను. ఆ తర్వాత తెల్లారేదాకా దాని అంచు కాళ్ల కింద తొక్కిపెట్టుకుని కూర్చున్నాను. అంటే ఆ రాత్రి నన్ను గుడారం కాపాడలేదు, గుడారాన్ని నేను కాపాడాను.

మేకు దిగని చోట ఏం చేయాలో తర్వాత నేర్చుకున్నాను. తాడు చివర మెలితిప్పి ఒక చిన్న రాయికి కట్టాలి. దాన్ని నేల మీద పెట్టి, దానికీ గుడారానికీ నడుమ తాడు మీద ఒక పెద్ద రాయిని నిలపాలి. గాలికి తాడు లాగినకొద్దీ చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి ఆనుకుని బిగుస్తుంది. తాడును నేరుగా పెద్ద రాయికే చుడితే దాని అంచుకు ఒరుసుకుని తెగుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల గనుల చుట్టూ పగిలిన పలకలకు కొదవ లేదు. కాబట్టి ఆ దారిలో మేకులు నాలుగు తక్కువైనా, తాళ్లు మాత్రం ఒక్కొక్కటి ఒక మీటరు పొడుగు ఎక్కువే ఉండాలి. తాడు బరువెంత, ఒక చారెడు బఠాణీలంత.

జమ్మలమడుగు దగ్గర బండ పోయి నల్లరేగడి వస్తుంది. అక్కడ మేకు సులువుగా దిగుతుంది, అంతే సులువుగా ఊడివస్తుంది. సన్నటి కమ్మీ మేకులు ఆ మట్టిలో నిలవవు. రెక్కలున్న, జానెడు పొడుగు అల్యూమినియం మేకులు కావాలి. ఒక్కోటి 12 నుంచి 15 గ్రాములుంటుంది, ఎనిమిదైతే నూటపాతిక లోపే. వాన పడ్డాక మాత్రం నల్లరేగడిలో గుడారం వేయాలనే తలంపే వద్దు. చెప్పులకు అంటిన మట్టే కిలో తూగుతుంది.

ఇక ముళ్లు. పల్లేరు కాయ సంగతి మన శ్రోతలకు నేను చెప్పాలా? ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లయితే చెప్పు అడుగునే దాటుకుని వస్తుంది. మరీ పలచటి బట్టను అడుగున పెట్టి కుట్టిన గుడారం మన బీడులో ఒక్క రాత్రికి జల్లెడ. పడుకునే చోటును ముందు చెప్పుల కాలితో రాచి, తర్వాత ఒక రెమ్మతో ఊడ్చి, అప్పుడు అడుగున ఇంకో పొర పరవాలి. కొందరు పాత ఫ్లెక్సీ తీసుకుపోతారు. గట్టిదే, ఉచితమే, ఊరూరా దొరికేదే. కానీ పడుకునేంత ముక్క దాదాపు అరకిలో ఉంటుంది. పైగా పుట్టినరోజు జరుపుకుంటున్న నాయకుడి ముఖం మీద పడుకోవడం అంత మర్యాదగా ఉండదు. నేనైతే మందపాటి పాలిథిన్ ముక్క కత్తిరించుకుని పోతాను.

ముళ్ల కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఈ మధ్య తేలిక సంచుల వాళ్లలో పట్ట ఒక్కటే మోసే అలవాటు పెరిగింది. పట్ట అంటే మన రైతులు వేరుశనగ కప్పే టార్పాలిన్ లాంటిదే, కాకపోతే సిలికాన్ పూసిన పలచటి నైలాన్. మూడు మీటర్ల చదరం పట్ట 450 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. రెండు కర్రల మీద ఎత్తికడితే గుడిసె, ఒక పక్క వాలిస్తే చూరు. దానికి అడుగు ఉండదు, తలుపు ఉండదు. చల్లటి దేశాల్లో అది చాలు. మన దగ్గర కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి రావడం దానికి అలవాటు. కరిచినా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, అదే దాని ప్రమాదం. రాయి ఎత్తితే తేలు. అందుకే మన సీమలో ఒంటరిగా పడుకునేవాడికి పైకప్పు కంటే ముందు అడుగు కావాలి. జానెడు ఎత్తు గోడలా లేచిన గట్టి అడుగు, దానికి కలిపి కుట్టిన వల, నిండా మూసుకునే జిప్పు. ఆ జిప్పును లోపలికి పోగానే వేసేయాలి, బయటికి రాగానే వేసేయాలి. బూట్లు కూడా లోపలే. పొద్దున వేసుకునే ముందు దులపాలి.

కాబట్టి మా వాడికి నేను చెప్పింది ఇది. వల గూడు వేరుగా, పట్ట వేరుగా ఉండేట్టు కొనుక్కో. అడుగు కలిసిన వల గూడు 400 నుంచి 500 గ్రాములు, పట్ట అంతే, మేకులూ తాళ్లూ కలిపి ఇంకో 180. మొత్తం కిలోకు కాస్త అటూ ఇటూ. కమ్మీలు అక్కర్లేదు, పగలు చేతిలో ఉన్న నడక కర్రలే రాత్రి స్తంభాలు. డిసెంబరు నుంచి మార్చి దాకా మన ఆకాశం చాలా రాత్రులు ఖాళీ. ఆ రాత్రులు వల గూడు ఒక్కటే కట్టుకుంటే గాలి ఆడుతుంది, చుక్కలు కనపడతాయి. పెన్నా పక్కన, మైలవరం జలాశయం పక్కన పడుకుంటే మాత్రం తెల్లారుజామున మంచు కురిసి దుప్పటి తడుస్తుంది. అప్పుడు పట్ట కప్పుకో. లేకుంటే నీటికి దూరంగా, నాలుగడుగులు ఎత్తున పడుకో.

ఒకే పొర గుడారాలు ఇంకా తేలిక. వాటిలో డైనీమా అనే బట్టతో చేసినవి అరకిలోలోపే ఉంటాయి. పందెం పడవల తెరచాపల కోసం పుట్టిన బట్ట అది, నీళ్లు పీల్చదు, సాగదు. ధర మాత్రం మన డబ్బుల్లో యాభై వేలకు అటూ ఇటూ. అంత పెట్టి తెచ్చి పల్లేరు కాయల మీద పరచడానికి నాకు మనసొప్పదు. గొట్టం సంచీలుంటాయి, బివీ అంటారు, ఒక్క మనిషి దూరేంత. మన ఉక్కలో ఇడ్లీ పాత్రలో దూరినట్టే. ఉయ్యాల కట్టుకునేవాళ్లకు రెండు గట్టి చెట్లు కావాలి, సరైన దూరంలో. గండికోట నుంచి కొలిమిగుండ్ల దాకా అలాంటి జంట చెట్లు ఎన్ని దొరుకుతాయో మా వాడినే లెక్కపెట్టమన్నాను. విసిరితే తనంతట తెరుచుకునే గుండ్రటి గుడారాలు పిల్లలు మిద్దె మీద ఆడుకోవడానికి బాగుంటాయి.

కొలతల గురించి ఒక్క మాట. పెట్టె మీద "ఒకరికి" అని రాసి ఉన్నా నమ్మొద్దు. వాకిట్లో ముగ్గుపిండితో దాని పొడవు వెడల్పులు గీసి, దాంట్లో పడుకుని చూడండి. మీ పొడుగు కంటే కనీసం ఒక అడుగు ఎక్కువ ఉండాలి, గుడారం గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి తల, కాళ్లు బట్టకు తగలకూడదు. కూర్చుంటే నెత్తి తగలనంత ఎత్తు, దాదాపు మీటరు, ఉండాలి. మా వీధిలో నేను ఇలా ముగ్గులో పడుకున్న రోజు ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి మా ఆవిడను పిలిచింది. ఆ తర్వాత నుంచి మిద్దె మీద గీసుకుంటున్నాను.

డబ్బు లేదని ఆగిపోవలసిన పని కూడా లేదు. నా వల గూడు కడపలో ఒక దర్జీ కుట్టిచ్చాడు. మంచి దోమతెర బట్ట, అడుగుకు పూత పూసిన గట్టి నైలాన్, ఒక పొడుగాటి జిప్పు నేనే కొనిచ్చాను. కొలతలు చెబుతుంటే ఆయన టేపు పక్కన పెట్టి, "ఒక్కరికేనా సార్? దీంట్లో మీతోపాటు దోమ కూడా పట్టదే" అన్నాడు. అదే కదా కావలసింది! కుట్ల మీద సిలికాన్ పూసుకోవడం మరిచిపోవద్దు, సూది దూరిన ప్రతి రంధ్రం నీటికి దారే.

గుడారం అనగానే మన జిల్లాల చరిత్రలో ఒక పేరు గుర్తొస్తుంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో. ఊరూరా భూముల లెక్క తీస్తూ ఆయన చాలా కాలం గుడారాల్లోనే కాపురం చేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై, మళ్లీ ఈ సీమకే పర్యటనకొచ్చి, 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడు. మన పల్లెల్లో మండ్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నది ఆయన మీద గురితోనే. ఆయన గుడారాల బరువెంతో ఆయనకు తెలిసి ఉండదు. మోసింది బండ్లూ కూలీలూ కదా. తన గూడు తానే మోసుకునేవాడి లెక్క వేరు. దానికి ఉదాహరణ అమెరికాలోని ఎమ్మా గేట్‌వుడ్ అనే ముసలామె. పదకొండు మంది బిడ్డల తల్లి. 1955లో, 67వ ఏట, అపలేచియన్ కొండదారి మూడువేల కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచింది. గుడారం లేదు. తాను కుట్టుకున్న గుడ్డ సంచి, కాన్వాసు బూట్లు, వానకు స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర ఒకటి. అంతే ఆమె సామాను. ఆమె నడిచిన దారిలో కట్లపాములు లేవు కాబట్టి నేను తెర ఒక్కటే చాలనడం లేదు గానీ, సామాను జాబితా రాసేటప్పుడు ఆమెను తలచుకుంటే నాలుగు వస్తువులు కొట్టేయవచ్చు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన గొర్రెల కాపరిని చూడండి. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, చంకలో నీళ్ల సీసా, అన్నం మూట. దక్కని గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టి బిగించిన గొంగడి మీద చినుకు నిలవదు, జారిపోతుంది. ఒక మూల మడిచి నెత్తిన వేసుకుంటే వానకు గొడుగు. పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి. మా ఇంట్లో ఉన్న పాతది తూచి చూశాను, రెండున్నర కిలోలు. తేలిక కాదు. కానీ ఆయన దానితోనే దుప్పటి, చాప, గొడుగు పనులన్నీ చేసుకుంటాడు. మనం వేటికవి కొని కలిపి తూచితే మూడు కిలోలు దాటుతుంది. అవుకు దగ్గర ఒక పెద్దాయన నా గుడారం చుట్టూ తిరిగి చూసి, "ఏంది నాయనా, గాలికి ఎదురుగా వాకిలి పెట్టుకున్నావే" అన్నాడు. లేచి తిప్పి కట్టుకున్నాను. "ఆడ వద్దు, ఆ వంకలో వద్దు" అని ఇంకో మాట కూడా చెప్పాడు. నేను వంక ఇసుక మెత్తగా ఉందని దాని మీద కన్నేసిన సంగతి ఆయనకెలా తెలిసిందో!

వంక మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మనది ఎండ సీమే గాని, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే కడప వైపు ఒక్క రాత్రిలో ఏరులు పొంగుతాయి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లే కొట్టుకుపోయాయి. మీ నెత్తిన చినుకు పడకున్నా పైన కొండల్లో పడిన వాన వంకలోకి వస్తుంది. ఆ రెండు నెలల్లో ఒంటరిగా బయట పడుకునే నడక పెట్టుకోకపోతే మంచిది. పెట్టుకుంటే పట్ట గట్టిగా ఉండాలి. గుడారాల మీద 1500, 3000 అని మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. బట్ట మీద అంత ఎత్తు నీళ్ల గొట్టం నిలబెట్టినా కారదని దాని అర్థం. కప్పుకు 1500 సరిపోతుంది. అడుగుకు మన మోకాలు, మోచేయి ఆనిన చోట ఒత్తిడి ఎక్కువ, అందుకని 3000 చూసుకోవాలి. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది, రాత్రి ఒకసారి లేచి తాళ్లు బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు. ఏదైనా సరే, మన ఎండలో పగలంతా ఆరబెట్టి వదిలేస్తే రెండేళ్లకు అప్పడంలా చిరుగుతుంది.

ఎక్కడ వేసుకోవచ్చన్నది ఇంకో సంగతి. నల్లమల పులుల అభయారణ్యం, లంకమల అభయారణ్యం మన ఇష్టం వచ్చినట్టు గుడారం వేసుకునే చోట్లు కావు. అడవిలో రాత్రి గడపాలని ఉంటే ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీశాఖ వసతి ఉంది, అక్కడ అడిగి తీసుకోవచ్చు. శివరాత్రికీ ఉగాదికీ వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లకైతే గుడారమే అక్కర్లేదు. వేల మంది నడుస్తుంటారు, పందిళ్లుంటాయి, పెట్టే చేతులుంటాయి. ఊళ్ల మధ్య నడకలో మాత్రం పొలం గలాయన కనిపిస్తే అడిగి, కనిపించకపోతే పైరు లేని చోట చూసుకుని వేసుకోవడమే. పొద్దున ఆ చోటు మీరు వచ్చినప్పటిలాగే ఉండాలి.

మా వాడు డిసెంబరులో పోయాడు. వల గూడు, పట్ట, రెండు నడక కర్రలు. మూడో రోజు సాయంత్రం బెలుం నుంచి ఫోన్ చేశాడు. రెండో రాత్రి ఒక కోసేసిన జొన్న చేనులో, మంద కట్టిన గొర్రెల పక్కన పడుకున్నాడట. కాపరుల కుక్క రాత్రంతా వాడి కాళ్ల దగ్గరే, వలకు అవతల పడుకుందట.

"పట్ట విప్పనే లేదు మామా, రెండు రాత్రులూ" అన్నాడు.

"నీళ్లో?" అన్నాను.

"నిన్న సాయంత్రానికి అర లీటరు మిగిలింది. కుక్కకు పోశాను."